బడిలో జేరిన పసిబిడ్డల జబ్బులు: వాని పూర్వచరిత్ర



మూడేండ్లు నిండిన బిడ్డను ఊరిలో అంగన్‌వాడీకో, పట్టణమున నర్సరీకో పంపనారంభించిన యింట జరుగు తంతు మీలో ననేకు లెఱిగినదే. పక్షము గడవకమున్నే బిడ్డకు ముక్కు కారును. అది తగ్గునప్పటికి దగ్గు పట్టును. దగ్గు తగ్గినదని సంతసించునంతలో ఒళ్లు వెచ్చబడును. జ్వరము విడిచి నాలుగు దినములు బడికి పోయిరాగానే పడిసెము మరల మొదటికి వచ్చును. ఇట్లు రెండు మూడు మాసములు గడచునప్పటికి ఆ యింటి పెద్దలు ఒక తీర్పు చెప్పుదురు: "మా చిన్ననాడు ఇట్టి జబ్బు లెఱుగము. ఇదంతయు ఆ బడి తెచ్చిన చేటు. బిడ్డను మాన్పింపుడు."

ఈ తీర్పువలన బడి మానిన బిడ్డలు మా గ్రామముననే కలరు. తీర్పులోని మొదటి వాక్యము చరిత్రకు సంబంధించినది. నేను ముప్పదియైదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పి విశ్రాంతి గైకొన్నవాడను, వైద్యుడను గాను. కాని ఆ మొదటి వాక్యము నిజమో కాదో తేల్చుటకు వైద్యము రానక్కఱలేదు. పాత సంగతులు కొన్ని తెలిసిన జాలును. అది తేలిన పిమ్మట మిగిలిన వాక్యముల బలమెంతయో తమరే నిర్ణయింపవచ్చును.

ఒకరి జబ్బు మఱియొకరికి అంటుననుట మన పూర్వు లెఱుగని విషయము గాదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున, కుష్ఠరోగమును జెప్పిన యధ్యాయము చివర ఈ సంగతి యున్నది. ఒడలు తాకుట, ఊపిరి సోకుట, కలసి భుజించుట, ఒక పడకపై బరుండుట, ఒక యాసనమున గూర్చుండుట, ఒకరి బట్టలు, పూలు, మైపూతలు మఱియొకరు వాడుట, వీనివలన జ్వరము, కండ్లకలక మొదలగునవి నరునినుండి నరునకు సంక్రమించునని ఆ గ్రంథము చెప్పుచున్నది. ఆ మాటలను మనసున నుంచుకొని యిప్పటి యే పసిపిల్లల బడిలోనికి బోయి చూచినను, పూలు మైపూతలు దక్క తక్కినవన్నియు నొక్క చాపమీదనే కానవచ్చును.

పసిపిల్లల వైద్యమును మనవారు కౌమారభృత్యమను పేర ఆయుర్వేదాష్టాంగములలో నొకటిగా నెంచిరి. దానికి ముఖ్యమైన కాశ్యపసంహిత చిరకాలము కానరాక, తుదకు నేపాళమున తాళపత్రములలో దొరకి 1938లో అచ్చుపడినది. బిడ్డ యకస్మాత్తుగా జబ్బుపడుటను సుశ్రుతము పూతన, శకుని, రేవతి మొదలగు తొమ్మిది గ్రహముల పేర వర్ణించినది. గ్రహముల సంగతి యెట్లున్నను, తొమ్మిది పేర్లు పెట్టవలసి వచ్చినదనిన ఆనాటి తల్లులు ఎన్ని విధముల బాధపడిరో యూహింపవచ్చును. మన వాడుకభాషయు నిట్టి సాక్ష్యమే చెప్పుచున్నది. క్రొత్తగా పెట్టిన వ్యాపారము గాని సంఘము గాని మొదట నొడిదుడుకులకు లోనైనచో "బాలారిష్టములు దాటలేదు" అందుము. బాల్యమున జబ్బులే లేకున్నచో ఈ పలుకుబడి యెక్కడినుండి పుట్టినది?

ఇంచుమించు పదునొకండు వందల యేండ్లక్రిందట పర్షియా దేశీయుడైన అల్‌రాజీ యను వైద్యుడు మశూచిని, తట్టును వేర్వేఱుగా వర్ణించి గ్రంథము వ్రాసెను. బాల్యమున ఇంచుమించు ప్రతివానికిని ఈ జబ్బులు వచ్చుట చూచి, ద్రాక్షరసము పులిసి మద్యమగునట్లు బాలుని రక్తము పొంగి పెద్దవాని రక్తముగా మాఱునపుడు ఇవి పుట్టునని ఆయన తలచెను. కారణము సరిగాదు గాని కన్నులజూచినది సరియే. బాగ్దాదువంటి జనసమ్మర్దముగల నగరమున తట్టు ఎన్నడును పూర్తిగా ఆఱిపోదు. పుట్టిన ప్రతిబిడ్డయు చిన్ననాడే దాని కెదురుపడును. కావుననే అది పిల్లల జబ్బుగా గనబడును. జనసమ్మర్దము లేనిచోట, బిడ్డలు గుంపు నెఱుగక పెరిగినచోట, ఏమి జరుగును? దీనికి ప్రత్యుత్తరము కావలెనన్నచో మనము చాల దూరము, చలిదేశపు సముద్రములోనికి, పోవలసియున్నది.

స్కాట్లండుకును ఐస్‌లండుకును నడుమ ఫారో దీవులు కలవు. అవి డెన్మార్కు రాజ్యమునకు జేరినవి. 1781లో అచట తట్టు వచ్చి పోయినది. పిమ్మట 65 ఏండ్లు ఆ జబ్బు ఆ దీవుల గడప ద్రొక్కలేదు. ఇంతలో 1846 మార్చి నెలాఖరున కోపెన్‌హేగెన్ నగరమునుండి ఒక వడ్రంగి యోడ దిగెను. అతడు బయలుదేరుటకుముందు అచట తట్టు సోకినవారిని జూచి వచ్చినవాడు. కొలది దినములకే అతనికి తట్టు పోసినది. అతనినుండి స్నేహితులకు, వారినుండి ఊళ్లకు. ఆ సంవత్సరము ముగియులోపల 7,782 మంది జనములో ఆఱువేలమందికి పైగా మంచమెక్కిరి. పాలుద్రావు బిడ్డ, పడవ నడుపు పడుచువాడు, మనుమలనెత్తిన తాత యను తారతమ్యము లేకపోయెను.

డెన్మార్కు ప్రభుత్వము పంపిన యువవైద్యులలో పానుమ్ అనువాడొకడు. వయస్సు ఇరువదియైదేండ్లు. అతడు పడవలమీదను, కాలినడకను ఊరూరు తిరిగి, ఏ యింట ఎవరికి ఏ దినమున దద్దురు గనబడెనో, దానికి ముందు వారు ఎవరిని గలిసికొనిరో లెక్క వ్రాసెను. రోగిని గలిసిన 13, 14 దినములకు దద్దురు బయటపడునని ఆ లెక్కలో తేలినది. మఱియొక వింతయు తేలినది. 1781లో తట్టు వచ్చి బ్రతికినవారు ఇంకను కొందఱు ముసలివారు మిగిలియుండిరి. పానుమ్ అట్టివారిని 98 మందిని స్వయముగా జూచెను. వారిలో నొక్కరికైనను ఈ మాఱు తట్టు రాలేదు. చిన్ననాడు ఒక్కసారి యెదుర్కొన్న శత్రువును ఆ ముసలి దేహములు 65 ఏండ్లపాటు జ్ఞాపక ముంచుకొన్నవి!

ఫారో దీవులవారు మంచి గాలిలో, దూరదూరముగా నున్న పల్లెలలో, గుంపు లేకుండ బ్రదికినవారు. ఆ దూరము వారికి జబ్బును తప్పింపలేదు; వాయిదా మాత్రము వేసినది. వాయిదా వేసిన జబ్బు ఒక్కసారిగా ఇంటిల్లిపాదిమీద పడినపుడు, నీళ్లిచ్చుటకు లేచి తిరుగువాడు కఱవగును.

దీనికంటె ఘోరమైనది ఫిజీ కథ. 1903 మొదలు మద్రాసు రేవునుండి మన తెలుగువారును కూలికై ఓడలెక్కి పోయిన ఫిజీ దీవులే యవి. 1875 ఆరంభమున ఆ దీవుల రాజు థాకొంబౌయు, ఆయన కుమారులును ఆస్ట్రేలియాలోని సిడ్నీ నగరమునకు బోయి, తట్టుతో తిరిగివచ్చిరి. రాజు వచ్చెనని దీవులన్నిటినుండియు నాయకులు వచ్చి సభదీర్చిరి. సభ ముగిసినది, నాయకులు తమతమ దీవులకు మరలిపోయిరి, వారితో తట్టును పోయినది. కొలది మాసములలో ఇంచుమించు నలువదివేలమంది, అనగా జనములో నాలుగవవంతునకు పైగా, మరణించిరి. పిల్లల బడి గాదది, పెద్దల సభ. ఐనను జరిగిన విధ మొక్కటే: వేర్వేఱు ఇండ్లవారు ఒకచోట గూడుట, మరల ఎవరి యింటికి వారు పోవుట. మన అంగన్‌వాడీలో ప్రతిదినమును ఉదయము జరుగునది మొదటిది, మధ్యాహ్నము జరుగునది రెండవది.

ఇక మనదేశమునకు వత్తము. "మా కాలమున" అనునపుడు మనము తలచుకొను బడి యెట్టిది? సర్ తామస్ మన్రో మద్రాసు గవర్నరుగా నున్నపుడు 1822లో దేశీయపాఠశాలల లెక్కలు తీయించెను. 1826 నాటికి తేలిన మొత్తము 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. భాగించి చూడుడు; బడికి పదునైదుగురు పిల్లలు. బళ్లారి కలెక్టరు క్యాంబెల్ 1823లో వ్రాసిన నివేదికలో, పిల్లలకు అక్షరాభ్యాసము సాధారణముగ ఐదవయేట జరుగునని చెప్పెను. మూడు వైపుల గాలియాడు వీధియరుగుమీద ఐదేండ్లు దాటిన పదునైదుగురు! ఈ కాలపు గదిలో తలుపువేసి కూర్చుండబెట్టిన మూడేండ్లవారితో వీరిని పోల్చుట న్యాయము గాదు.

అట్లని ఆనాటి బిడ్డకు ఐదవయేటివఱకు గుంపు తెలియదని తలపవలదు. గుంపు ఇంటిలోనే యుండెను. ఉమ్మడి కుటుంబములో పెదతండ్రి పిల్లలు, పినతండ్రి పిల్లలు, మేనత్త పిల్లలు కలసి డజనుకు తక్కువ యుండెడివారు కారు. ఒక కంచమున తినుట, ఒక గోనెపట్టాపై నిదురించుట, ఒక తువాలుతో ముఖము తుడుచుకొనుట. పెద్దవాడు బయటినుండి తెచ్చిన దగ్గు వారము తిరుగకముందే ఉయ్యాలలోని దానికి జేరెడిది. ఇప్పు డింటికి ఒకరో యిద్దఱో బిడ్డలు. మూడేండ్లు నిండువఱకు తల్లి, అవ్వ, తాత తప్ప మఱియొకరి యూపిరి సోకనివారు. పూర్వము ఇంటిలో జరిగిన పని యిప్పుడు బడిలో జరుగుచున్నది. అంతియ గాని ఆ జబ్బులు క్రొత్తవి గావు.

మఱి "ఎఱుగము" అనుట యెట్లు? ఇందు జ్ఞాపకము చేయు మోసమొకటి యున్నది. ఈనాడు కూర్చుండి "మా కాలమున" అని చెప్పుచున్నవారము బ్రతికి బయటపడినవారము. బయటపడనివారు వచ్చి తమ మాట చెప్పరు గదా! మా తల్లికి తొమ్మిది కాన్పులు. పెరిగిన వారము ఐదుగురము. మిగిలిన నలుగురి పేర్లు మా తల్లి చివరివఱకు జ్ఞాపక ముంచుకొన్నది; వారికి వచ్చిన జబ్బుల పేర్లు మాత్రము ఆమెకును తెలియవు. "జ్వరము తగిలినది, పోయినాడు" అనెడిది. 1951 నాటికి మనదేశమున బుట్టిన వేయిమంది శిశువులలో ఇంచుమించు 146 మంది యేడాది నిండకయే గతించుచుండిరి. 2020లో ఆ సంఖ్య 28. నూటపదునెనిమిదిమంది వ్యత్యాసము! దీని నెదుట బెట్టుకొని, ఆ కాలమున జబ్బులు లేవని యెట్లనగలము?

పసిపిల్లల బడి యన్నది ఎట్లు వచ్చెనో చూతము. స్కాట్లండులో న్యూలనార్కు అను నూలుమిల్లుల యూర రాబర్టు ఓవెన్ 1816లో కూలివారి చిన్నబిడ్డలకు బడి తెఱచెను. జర్మనీలో ఫ్రోబెల్ 1840లో తన పిల్లలబడికి "శిశువుల తోట" యను నర్థము వచ్చు కిండర్‌గార్టెన్ అను పేరు పెట్టెను. 1907లో రోమునగరపు పేదలవాడలో బడి పెట్టిన మేరియా మాంటిస్సోరి స్వయముగ వైద్యురాలు. ఆమె 1939లో మద్రాసునకు వచ్చి అడయారున ఉపాధ్యాయులకు శిక్షణ నిచ్చినది. వీరిలో నాకు మిక్కిలి ఆశ్చర్యము గొల్పువారు లండనులోని మెక్‌మిలన్ సోదరీమణులు. వారు 1910లో డెప్ట్‌ఫర్డు అను పేదలపేటలో పిల్లలకు వైద్యశాల పెట్టిరి. నయమై పోయిన బిడ్డ కొలది దినములకే అదే జబ్బుతో మరలివచ్చెడివాడు. ఇంటిలోని యిరుకు, మురికియే కారణమని గ్రహించి, 1914లో తోటలో, ఆరుబయట, పసిపిల్లల బడి నెలకొల్పిరి. బిడ్డ యింటిలో జబ్బుపడుచున్నాడని బడికి దెచ్చినవారు వారు. బడిలో జబ్బుపడుచున్నాడని ఇంటికి దెచ్చువారము మనము! రెండును నిజమే. గాలి వెలుతురుగల తోటకును, కిటికీ లేని గదికిని నడుమ నున్న భేదమే అంతయు.

మన దేశమున అంగన్‌వాడీల పథకము 1975 అక్టోబరు 2వ తేదీన 33 బ్లాకులలో మొదలైనది. మూడేండ్లు మొదలు ఆఱేండ్లవఱకు ఆటపాటల చదువు, బలవర్ధకాహారము, టీకాలు, ఆరోగ్యపరీక్ష, ఇవన్నియు ఒక్క పథకములోనే చేరియున్నవి. దీనివలన బిడ్డ తొలిసారి గుంపులో గూర్చుండు వయస్సు ఐదునుండి మూడునకు దిగినది. మూడేండ్ల బిడ్డ ముక్కు తుడుచుకొనలేడు. చేతికి దొరకినదెల్ల నోటబెట్టుకొనును. దగ్గునపుడు ముఖము త్రిప్పుకొనవలెనని యెఱుగడు. కనుక తొలి యేటి జబ్బులు కొంత దట్టముగ గనబడుట సహజము.

కాని ఆ గడపయొద్ద కాచుకొనియున్న శత్రువులు మాఱినారు. వెనుక నక్కడ నిలిచినది మశూచి. 1802 జూన్ 14వ తేదీన బొంబాయిలో మనదేశపు మొదటి మశూచిటీకా వేయించుకొన్నది మూడేండ్ల బాలికయే, ఈనాడైన అంగన్‌వాడీలో గూర్చుండవలసిన యీడుది. 1975 మే మాసము తరువాత మనదేశమున మశూచి పుట్టలేదు. 1980లో ప్రపంచమంతట సమసిపోయినట్లు ప్రకటించిరి. మశూచి వెనుక నిలిచినవి కంఠసర్పి, కోరింతదగ్గు, తట్టు. తట్టు టీకా చరిత్ర బడికి సంబంధించినదే గనుక చెప్పెదను. 1954లో అమెరికాలో బోస్టను నగరపు సమీపమున ఒక బాలుర వసతిపాఠశాలలో తట్టు పుట్టినది. ఎండర్సు అను శాస్త్రవేత్త పరిశోధనశాలనుండి పీబుల్సు అను వైద్యుడు పోయి, జబ్బుపడిన పిల్లల రక్తము దెచ్చెను. ఎడ్మన్‌స్టన్ అను విద్యార్థి రక్తమునుండి తట్టు వైరసు చేజిక్కినది. దానినే బలహీనపఱచి చేసిన టీకా 1963లో వాడుకలోనికి వచ్చెను. మనదేశపు టీకాల కార్యక్రమమున తట్టు టీకా 1985లో జేరినది. ఇప్పుడు మన ప్రాథమికారోగ్యకేంద్రములో నర్సు వేయు సూదిలో నున్నది ఆ విద్యార్థి పేరనే చెల్లుచున్న వైరసు సంతతి.

ఇచట నొక శంక కలుగవచ్చును. ఎదుర్కొన్న జబ్బును దేహము మఱవదని ఫారో కథలో చెప్పితిని గదా. ఐనచో తట్టును సహజముగ రానిచ్చిన నేమి యని. రానీయరాదు. తట్టు పోసి తేఱిన బిడ్డ నెలలకొలది నీరసించి, విరేచనములకో ఊపిరితిత్తుల వాపునకో బలియగుట మన అవ్వ లెఱిగినదే. 2019లో శాస్త్రజ్ఞులు దీని గుట్టు కనిపెట్టిరి. తట్టు వైరసు, బిడ్డ అంతకుముందు ఎదుర్కొన్న జబ్బుల జ్ఞాపకమును గూడ చెఱిపివేయును. కొందఱిలో పదవవంతు, కొందఱిలో సగమునకు మించి. అనగా పాఠము నేర్పక పోగా, నేర్చిన పాఠములనుగూడ పలకమీదినుండి తుడిచివేయు గురువన్నమాట. టీకా యట్లు చేయదు.

పెద్దశత్రువులు తొలగిన పిమ్మట మిగిలినది పడిసెముల గుంపు. పడిసెము ఒక జబ్బనుకొందుము. అది యొక కులమునకు పేరు. 1956లో కనిపెట్టిన రైనోవైరసు లనువానిలోనే నూటయేబదికి పైగా తెగలు గలవు. ఒకదానిని గెలిచిన దేహము మఱియొకదానికి క్రొత్తయే. తల్లి గర్భమున నిచ్చిన రక్షణ మొదటి యేటిలోనే సన్నగిల్లును. పిమ్మట ఒక్కొక్కదానిని బిడ్డ స్వయముగ నెదుర్కొనవలసినదే. పసిబిడ్డకు ఏడాదికి ఆఱో యెనిమిదో పడిసెములు వచ్చుట సాధారణము. బడిలో జేరినవారికి ఇంకను అధికము. ఒక్కొక్కటి పదిదినము లుండుననుకొన్న, ఎనిమిదింటికి ఎనుబది దినములు! అవియు వానకాలమునను శీతకాలమునను గుంపుగూడి వచ్చును. తల్లికి బిడ్డ యెల్లప్పుడు జబ్బుగానే యున్నట్లు తోచుటలో వింతలేదు.

మాన్పించినచో? అమెరికాలో టూసాన్ అను నగరమున 1980 ప్రాంతమున బుట్టిన బిడ్డలను వేయిమందికి మించి యేండ్లతరబడి కనిపెట్టి చూచిరి. 2002లో ప్రకటించిన ఫలిత మిది: పసితనముననే పెద్దగుంపులో పెరిగినవారికి రెండవయేట పడిసెములు ఎక్కువ, ఆఱవయేటినుండి పదునొకండవయేటివఱకు తక్కువ. ఇంటిపట్టున పెరిగినవారికి అవి పెద్దబడిలో జేరిన పిమ్మట వచ్చినవి. పదుమూడవయేటికి ఉభయులును సమానులైరి. నా యనుభవమును గూడ నిట్లే యున్నది. ఒకటవ తరగతి హాజరుపట్టీలో ఆషాఢ శ్రావణములలో సున్నలు అధికముగ పడెడి పిల్లలు తఱచుగ నింటినుండి సూటిగ వచ్చినవారే.

ఈ మాటలు విని జబ్బు నుపేక్షింపవలదు. పడిసెములలో నిజమైన యపాయము దాగియుండు చోటు ఊపిరి. బిడ్డకు డొక్క లెగురుచున్నచో, ఏడాది దాటిన బిడ్డ నిమిషమునకు 40 మార్లో అంతకుమించియో ఊపిరి తీయుచున్నచో, పాలు నీళ్లు మానినచో, మత్తుగ పడియున్నచో, ఫిట్లు వచ్చినచో, ఆ గడియయే వైద్యునికడకు గొనిపోవలెను. అట్టివి లేని వట్టి పడిసెమునకు "సూది వేయుడు, ఘాటుమం దిండు" అని వైద్యుని నిర్బంధించుట మన పల్లెల దురలవాటు. భీమవరమున బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు పరిశోధనలకు నాయకత్వము వహించిన సంస్థనుండి 1948లో వెలువడిన ఆరియోమైసిన్, దాని జాతిలోని తక్కిన మందులును ఎందఱి ప్రాణములనో నిలిపినవి. కాని అవి బాక్టీరియాను జంపునవి. పడిసెపు వైరసు నంటవు. ఊరక వాడినచో నిజముగ కావలసిన దినమున పనిచేయకపోవును.

అమ్మవారు పోసిన యింటి గుమ్మమునకు వేపమండలు గట్టుట మన యాచారము. ఆ మండలు చూచి పరాయివారు లోనికి రారు, ఇంటి పిల్లలు బయటికి పోరు. జ్వరముతో నున్న బిడ్డను బడికి పంపకుండుటకును, రాగానే టీచరమ్మ త్రిప్పి పంపినచో ఆమెతో తగవులాడకుండుటకును ఇంతకంటె వేఱు శాస్త్రము మనకు గావలసినది లేదు.

జబ్బు బడిలో ఆగదు, ఇంటికి వచ్చును. అమెరికాలోనే క్లీవ్‌లండు నగరమున 1948 మొదలు పదేండ్లపాటు కొన్ని కుటుంబములను వెంబడించి ఇరువదియైదువేల జబ్బుల లెక్క వ్రాసిరి. ఇంటిలోనికి పడిసెమును ముందుగ దెచ్చువాడు, తఱచుగ, బడికి బోవు చిన్నవాడే. వానినుండి ఉయ్యాలలోని శిశువునకు, పిమ్మట మంచములోని ముసలివారికి. కోరింతదగ్గు మూడేండ్లవానికి బాధయే గాని, టీకాలు పూర్తికాని నెలల శిశువునకు ప్రాణాంతకము. వెనుక మన యిండ్లలో గుమ్మము ముందు కాగు నిండ నీళ్లుంచెడివారు. పొలమునుండి వచ్చినవాడు కాళ్లు కడుగుకొని గాని లోనికి వచ్చెడివాడు కాడు. మా వీధిలో నొక యింటి అవ్వ ఆ కాగు మరల పెట్టించినది. అంగన్‌వాడీనుండి వచ్చిన మనుమనిచే చేతులు, ముఖము అచటనే కడిగించి, పిమ్మటనే చెల్లెలి యుయ్యాల యొద్దకు బోనిచ్చుచున్నది.